మందుల షాపు దగ్గర సాయం చేసిన అన్నకు కృతజ్ఞతలు

అన్నా, ఆ హడావిడిలో మీ పేరు కూడా అడగలేదు. మా ఆవుకి పొదుగువాపు. ఒక చన్ను రాయిలా గట్టిపడి పాలు గడ్డలుగా వస్తున్నాయి. వాడిన ఇంజెక్షన్లు పనిచేయక, ఇంకా ఖరీదైనవి కొందామని డబ్బులు లెక్కపెట్టుకుంటున్నా. మీరు చీటీ చూసి, "ముందు పాలు టెస్టుకి పంపమని డాక్టరుని అడుగు తమ్ముడూ, ఏ మందుకి లొంగుతుందో తెలుస్తుంది" అన్నారు.

అంతటితో వదల్లేదు, కొట్టం దాకా వచ్చారు. మొదటి ధారలు వదిలేసి, చన్ను మొనను స్పిరిట్ దూదితో తుడిచి, సీసా మూత లోపలి వైపు వేలు తగలకుండా పాలు ఎలా పట్టాలో చూపించారు. రిపోర్టు చూశాక డాక్టరుగారు రాసిన మందు వేరే, ఎప్పటినుంచో ఉన్న పాత రకమే, చవకదే! టెస్టు ఖర్చు అందులోనే కలిసొచ్చింది.

యాంటీబయాటిక్ వాడాక పాలల్లోంచి మందు పోయే గడువు తీరేదాకా పాలు అమ్మకూడదు కదా, పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమంది. బిల్లులో కనపడని ఖర్చు అదే. తప్పు మందుతో ఆ రోజులు ఇంకా పెరిగేవి.

ఇప్పుడు ఆవు బాగుంది, పాలు మళ్లీ పోస్తున్నాం. సీసా డబ్బులు మీరే పెట్టుకున్నారు. ఇది చూస్తే ఒక మాట చెప్పండన్నా, బాకీ ఉన్నాను.