ఆదివారం అమృతా షేర్‌గిల్ బొమ్మలు చూద్దాం

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 10:30కి ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్ (జైపూర్ హౌస్) గేటు ముందు కలుద్దాం.

పారిస్‌లో చిత్రకళ నేర్చుకున్న అమృత, అజంతా చూసి, దక్షిణాది తిరిగాక 1937లో పెళ్లికూతురి అలంకరణ, బ్రహ్మచారులు, సంతకెళ్లే పల్లెజనం బొమ్మలు వేశారు. ఆ ఎరుపులు, మట్టిరంగులు ఫోన్‌లో చూస్తే తెలియవు. 1941లో లాహోర్‌లో పోయేనాటికి ఆమెకు 28 ఏళ్లే! గోడల మీద ఇప్పుడు ఏవేవి ఉన్నాయో లోపలికెళ్లి చూడాల్సిందే.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా పేరు, ఎంతమందో ఇక్కడే పెట్టండి.
పిల్లల్ని తప్పక తీసుకురండి. స్కెచ్‌బుక్, పెన్సిల్ చాలు, రంగులు వద్దు.
పెద్ద బ్యాగులు ఇంట్లోనే ఉంచేయండి.

సోమవారం గ్యాలరీకి సెలవు, కాబట్టి "రేపు వెళ్దాంలే" కుదరదు 😄