మా వీధి ఎల్‌ఐసీ మేడమ్‌కు కృతజ్ఞతలు

కిందటి తుపానుకు ఇంట్లోకి నీళ్లు వచ్చి జరిగిన నష్టానికి బీమా సొమ్ము నిన్న మా ఖాతాలో పడింది. అది ఎవరి పుణ్యమో వీధిలో అందరికీ తెలియాలి. పేరు రాస్తే ఊరుకోనన్నారు కనుక ఎల్‌ఐసీ మేడమ్ అనే అంటాను. (ఆమె ఉద్యోగం చేసింది జీవిత బీమాలో కాదు, ఇళ్లు, వాహనాల వంటివాటికి చేసే సాధారణ బీమాలో. ఎన్నేళ్లుగా చెబుతున్నా మన ఎం.ఆర్.పల్లిలో వినేవారు లేరు.)

2021 నవంబరులో స్వర్ణముఖి పొంగి తిరుపతి అల్లాడినప్పుడే ఆమె మా చేత భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ తీయించారు. బీమా మొత్తానికి స్థలం ధర కాదు, ఇల్లు తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. మాకు 20 లక్షలు వేశారు. 18 శాతం జీఎస్టీ కలిపినా ఏడాది ప్రీమియం రెండు వేలు దాటలేదు.

తీరా నష్టం జరిగాక కంపెనీ వారు గోడలకు, నేలకు మాత్రమే ఇస్తామన్నారు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలకు బీమా లేదట! మేడమ్ పాలసీ కాగితాలు తిరగేసి ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీశారు. ఇంటి నిర్మాణానికి బీమా ఉంటే, అందులో 20 శాతం మేరకు, 10 లక్షలు మించకుండా, సామాన్లకు కూడా వర్తిస్తుంది. అంటే మాకు 4 లక్షల వరకు. నగలను మాత్రం విడిగా రాయించుకోవాలి.

నష్టం అంచనా వేసే సర్వేయరు వచ్చిన రోజు ఆమే దగ్గరుండి గోడ మీది బురద చారకు టేపు పెట్టించారు. "ఇది పాత చెమ్మేమో" అని ఆయన సందేహిస్తే, "చెమ్మ ఇలా దారం పట్టి గీసినట్టు అన్ని గదుల్లోనూ ఒకే ఎత్తున ఉంటుందా నాయనా?" అన్నారు. ఆయన నవ్వి రాసుకున్నారు.

సామాన్ల సంగతి మీద కంపెనీకి ఉత్తరం కూడా ఆమే చెప్పి రాయించారు. నెలలోగా జవాబు రాకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్చే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా ఫిర్యాదు చేయవచ్చట. అంతదాకా పోలేదు, ఉత్తరంతోనే దిగివచ్చారు.

ఫ్రిజ్ ఇక పనికిరాదని సంతకం చేసి ఇచ్చిన మెకానిక్‌కు, బురద ఎత్తిపోసిన పక్కింటి పిల్లలకు కూడా రుణపడి ఉన్నాం.

పాలసీలో ఏముందో తెలియనివారు కాగితాలు తీసుకుని ఆమె దగ్గరకు వెళ్లవచ్చు, అడిగే రాస్తున్నాను. రాత్రి సీరియల్ వేళ మాత్రం వద్దన్నారు.