సాసేజ్ లింకులకు సెగే ముఖ్యం

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. ఒహాయోలో చలి ముదిరిందన్నమాట. పొద్దున్నే గుడ్లతో పాటు, పంది ఖీమాని సన్నటి తొడుగులో కూరి చేసే ఆ సాసేజ్ లింకులు వేయిద్దామంటే పైన మాడుతున్నాయి, లోపల పచ్చిగా ఉంటున్నాయి, కొన్నేమో పెనం మీదే పగిలి రసమంతా కారిపోతోందని రాశావు. ఈ మూడింటికీ కారణం ఒకటేరా, సెగ ఎక్కువైపోవడం. నువ్వు దోసె పెనం కాల్చినట్టు కాలుస్తున్నావు. దీనికి అది పనికిరాదు.

వండే సంగతి తర్వాత, ముందు కొనే సంగతి చూద్దాం. కొట్లో ఇవి మూడు రకాలుగా ఉంటాయి. చల్లటి అరలో పచ్చివి, ఫ్రీజర్‌లో గడ్డకట్టిన పచ్చివి, ముందే ఉడికించి ‘ఫుల్లీ కుక్డ్’ అని రాసినవి. మూడోది వేడి చేసుకుంటే చాలు, ఆఫీసు రోజున పనికొస్తుంది. కానీ కొవ్వు కరిగి తన కొవ్వులోనే వేగే రుచి దానికి రాదు. ఆదివారం తీరిగ్గా తినాలంటే పచ్చివే కొను.

ప్యాకెట్ వెనక తిప్పి చూడు. పదార్థాలన్నీ బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు. పంది మాంసం, నీళ్లు, ఉప్పు, మసాలాలు, మహా అయితే కాస్త పంచదార, ఇంతే ఉంటే మంచి సరుకు. అమెరికా వ్యవసాయ శాఖ నియమం ప్రకారం ఈ సాసేజ్‌లో కొవ్వు సగం బరువు దాకా ఉండొచ్చు, కలిపే నీళ్లు మాత్రం 3 శాతం దాటకూడదు. సగం కొవ్వంటే చాలా ఎక్కువ. అందుకని లెక్క కట్టుకో: సర్వింగ్ 56 గ్రాములు, అందులో కొవ్వు 20 గ్రాములు అని ఉంటే సుమారు 36 శాతం. ఆ బరువు పచ్చి సాసేజ్‌దా, వండిందా అన్నది కూడా చూసుకో, లేకపోతే లెక్క తప్పుతుంది. 30 నుంచి 35 మధ్య ఉన్నది నా దృష్టిలో సరైనది. 20కి తగ్గితే పీచు పీచుగా, పొడిగా ఉంటుంది. 40 దాటితే లింకు బాగా కుంచించుకుపోయి పెనం నిండా కొవ్వు తేలుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, నువ్వు గొడ్డు మాంసం తినవు కాబట్టి చెప్తున్నాను. లోపలిది పంది మాంసమే అయినా పైతొడుగు వేరే జంతువుది కావచ్చు. సన్న లింకులకి గొర్రె పేగు వాడతారు, కొరికితే పటుక్కున తెగుతుంది, రుచిలో అదే మేలు. చాలా కంపెనీలు మాత్రం కొలాజెన్ తొడుగు, అంటే జంతు చర్మం నుంచి తీసిన పదార్థంతో చేసింది, వాడతాయి. కొన్ని ప్యాకెట్ల మీద ‘బీఫ్ కొలాజెన్’ అనే ఉంటుంది. ఒట్టి ‘కొలాజెన్’ అని ఉంటే గొడ్డు చర్మం నుంచి తీసిందేననుకుని పక్కన పెట్టెయ్. తొడుగే లేని ‘స్కిన్‌లెస్’ లింకులు కూడా దొరుకుతాయి, అవైతే నీకు ఏ బెంగా ఉండదు.

పేర్ల విషయానికొస్తే, విస్కాన్సిన్‌లోని జోన్స్ డైరీ ఫామ్ 1889 నుంచి ఇదే పనిలో ఉంది. జిమ్మీ డీన్ అనే పాటగాడు 1969లో టెక్సస్‌లో మొదలుపెట్టిన కంపెనీ సరుకు అన్నిచోట్లా దొరుకుతుంది. బాబ్ ఎవాన్స్ మీ ఒహాయోదే. అయితే ఒకే కంపెనీలో కూడా రకానికీ రకానికీ తేడా ఉంటుంది కాబట్టి పేరు చూసి కాదు, లేబుల్ చూసి కొను. వీటి అసలు వాసన సేజ్ ఆకుది, కాస్త కర్పూరపు ఘాటు ఉంటుంది. దానికి తోడు మిరియాలు. మన నాలుకకి మిరియాలు ఎక్కువున్న రకం నచ్చుతుంది. మేపుల్ రకంలో తీపి ఉంటుంది, అది తొందరగా మాడుతుంది, సెగ ఇంకా తగ్గించాలి.

ఇక వండడం. మందపాటి పెనం, మూత ఉన్నది తీసుకో. పెనం చల్లగా ఉండగానే 8 లింకులు ఒకదానికొకటి తగలకుండా పేర్చు. పావు కప్పు నీళ్లు పొయ్యి. నూనె అక్కర్లేదు. మధ్యస్థం కంటే తక్కువ సెగ మీద మూతపెట్టి 6, 7 నిమిషాలు ఉంచు, మధ్యలో ఒకసారి తిప్పు. అప్పటికి గులాబీ రంగు పోయి పాలిపోయినట్టు కనపడతాయి, వేలితో నొక్కితే గట్టిపడి ఉంటాయి. చూడ్డానికి బాగుండవు, కంగారుపడకు. మూత తియ్యి. నీళ్లు ఇగిరిపోయే దాకా గుడగుడమంటుంది, ఇగిరిపోగానే ఆ చప్పుడు చిటపటలోకి మారుతుంది. అంటే పెనంలో మిగిలింది ఒట్టి కొవ్వేనన్నమాట. అక్కణ్ణుంచి పెనం దగ్గరే నిలబడి, నిమిషానికోసారి దొర్లిస్తూ 5, 6 నిమిషాలు వేయించు. అన్ని వైపులా ముదురు గోధుమ రంగు రావాలి.

నీళ్లు ఎందుకంటే, అవి ఉన్నంతసేపూ పెనం మరిగే నీళ్ల వేడిని పెద్దగా దాటదు. లోపల నింపాదిగా ఉడుకుతుంది, కొవ్వు మెల్లగా కరిగి బయటికొస్తుంది. మొదట్నుంచే పెద్ద సెగ పెడితే తొడుగు బిగుసుకుంటుంది, లోపలి నీరు ఆవిరై ఉబ్బుతుంది, ఇంకెక్కడికీ పోలేక చిట్లుతుంది. చిట్లకుండా ఫోర్కుతో గుచ్చమని ఎవరైనా చెప్తే వినకు. ఆ కన్నాల్లోంచే రసం పోయి లింకు ఎండిపోతుంది. పెనం కిక్కిరిసేలా వేసినా ఆవిరి పోక ఎంతసేపటికీ ఎర్రబడవు.

ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం. థర్మామీటర్ కొనుక్కో. పక్క నుంచి కాదు, లింకు చివర నుంచి నడిమధ్య దాకా దూర్చు. 160 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 71 సెల్సియస్ రావాలి. పంది మాంసం ముక్కకైతే 145 చేరాక 3 నిమిషాలు ఆగితే సరిపోతుంది. ఖీమాకి అది చాలదు, ఎందుకంటే పైన ఉండే క్రిములు కొట్టేటప్పుడు మొత్తం కలిసిపోతాయి.

గడ్డకట్టినవైతే ముందు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చు. మర్చిపోతే అలాగే వేసి, రెండు చెంచాల నీళ్లు ఎక్కువ పోసి, మూత మరో 3, 4 నిమిషాలు ఉంచు. పదిమంది వస్తే ఓవెనే మేలు: 400 డిగ్రీల ఫారన్‌హీట్‌లో, అంచులున్న ట్రేలో 20 నుంచి 25 నిమిషాలు, సగంలో తిప్పితే చాలు.

మిగిలిన కొవ్వు సింకులో మాత్రం పొయ్యకు, గొట్టాలు మూసుకుపోతాయి. రెండు చెంచాలు పెనంలో ఉంచి ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేయించి గుడ్లు కొట్టు, ఉప్పు తగ్గించి వెయ్యి. లేదా అందులోనే రెండు చెంచాల మైదా వేయించి, కప్పు పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపి, మిరియాల పొడి దండిగా వేస్తే అక్కడివాళ్లు తినే తెల్ల గ్రేవీ అయిపోతుంది.

పచ్చివి ప్యాకెట్ తెరిచాక ఫ్రిజ్‌లో 1, 2 రోజులే, వండినవి 3, 4 రోజులు. నీతో ఉండే కుర్రాడు పంది తినడన్నావుగా, అతనికి చికెన్ లింకులు తెచ్చి వేరే పెనంలో వండు. వాటిలో కొవ్వు తక్కువ కాబట్టి నీళ్లు ఇగిరాక చెంచా నూనె వెయ్యి, లోపలి వేడి 165 రావాలి. తొడుగు ఏ జంతువుదో ఆ ప్యాకెట్ మీద కూడా చూడు, చికెన్ అని రాసినా కొన్నింటికి పంది పేగు తొడుగే ఉంటుంది.

ఈ ఆదివారం చేసి ఎలా వచ్చాయో రాయి. పిన్నిగారిని అడిగానని చెప్పు.

నీ
ప్రసాద్