ఇగ నుంచి మీ మెయిల్ బ్యాకప్ అందరికీ ఒకే తీరు ఫైళ్లల్ల ఇస్తం, ఎందుకో చెప్తున్న

అన్నలకు, అక్కలకు, సార్లకు అందరికీ నమస్తే. హన్మకొండల మన షాపుల మెయిల్ సెటప్, మెయిల్ బ్యాకప్ చేయించుకునేటోళ్లందరి కోసం ఇది రాస్తున్న, కొంచెం పెద్దగనే ఉంటది, టైం చూసుకొని చదవండి. దసరా అయిపోయినంక మనం బ్యాకప్ పద్ధతి మారుస్తున్నం. ఇన్నేండ్లు ఎవరు ఏ ప్రోగ్రాంల మెయిల్ చూసుకుంటే ఆ ప్రోగ్రాం సొంత ఫైల్‌నే కాపీ కొట్టి హార్డ్ డిస్క్‌ల వేసి ఇచ్చేది, ఇగ అట్ల కాదు, మీరు ఏది వాడినా సరే ఒక్కో మెయిల్‌కు ఒక్కో .ఈఎంఎల్ (.eml) ఫైల్, అంటే మెయిల్ వచ్చింది వచ్చినట్టే ఉండే ఫైల్ చేసి, సంవత్సరం వారీగ ఫోల్డర్లు కట్టి ఇస్తం. పాత తీరు ఫైల్ గూడ కావాలంటే అడగండి, పక్కన అదీ పెడ్తం, కానీ అసలు బ్యాకప్ మాత్రం ఇదే.

మన కస్టమర్లల్ల ఎక్కువమంది ఎవరు, ఎనుమాముల మార్కెట్‌ల పత్తి మిర్చి వ్యాపారం చేసేటోళ్లు, కరీంనగర్ దిక్కు గ్రానైట్ వాళ్లు, విత్తనాల డీలర్లు, రైస్ మిల్లులు, చిన్న నర్సింగ్ హోంలు. వీళ్లల్ల ఒక్క కంపెనీ లోపల్నే మూడు రకాల మెయిల్ ఉంటది. ఆఫీసుల అకౌంటెంట్ ఔట్‌లుక్ వాడ్తడు, క్వారీ కాడ పాత కంప్యూటర్ల థండర్‌బర్డ్ ఉంటది, ఓనర్ కొడుకు హైదరాబాద్‌ల కూసొని ఫోన్లనే జీమెయిల్ చూస్తడు. పోయేటి వచ్చేటి మెయిళ్లకు ఏ ఇబ్బందీ లేదు, ఎవరు ఎవరికి పంపినా చేరుతది. తిప్పలు ఎక్కడొస్తదంటే ఐదేండ్ల కింది మెయిల్ కావాల్సి వచ్చినప్పుడు. ఈ మధ్య ఒక గ్రానైట్ అన్న వచ్చిండు, సరుకు సైజుల మీద పార్టీతోని పంచాయితీ పడ్డది, ఆ పార్టీ ఒప్పుకున్న మెయిల్ క్వారీ కంప్యూటర్ల ఉండె, ఆ కంప్యూటర్ పోయింది, బ్యాకప్ ఫైల్ భద్రంగనే ఉంది కానీ దాన్ని తెరిచే ప్రోగ్రాం ఆఫీసుల ఎవ్వరి కాడ లేదు. చివరికి తీసి ఇచ్చినం, అన్న పని అయ్యింది. కానీ ఆయన కాగితం ఆయనకు దొరకాలంటే నా షాపు దాక రావాల్సి రావుడు నాకు నచ్చలేదు. రేపు నేను షాపు బంద్ చేసినా గూడ మీ మెయిల్ మీకు తెరుసుకోవాలె, నా ఆలోచనంతా అదే.

ఇది నేను కనిపెట్టింది ఏం కాదు, మెయిల్ పుట్టినప్పటి నుంచి ఉన్న గొడవనే. 1971ల రే టామ్లిన్సన్ అనే ఇంజనీర్ అమెరికాల ఆర్పానెట్ అనే అప్పటి కంప్యూటర్ల నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మెయిల్ పంపిండు, అడ్రస్ నడుమ @ గుర్తు పెట్టింది గూడ ఆయననే. తర్వాత పదేండ్లల్ల ఒక్క ఆర్పానెటే కాదు, చానా నెట్‌వర్కులు లేచినయ్. ఫోన్ లైన్ల మీద రాత్రిపూట ఒక యూనిక్స్ మిషిన్ ఇంకో మిషిన్‌కు ఫోన్ చేసి మెయిళ్లు అప్పజెప్పే యూయూసీపీ ఒకటి, 1981ల యూనివర్సిటీల ఐబీఎం పెద్ద కంప్యూటర్లను కలుపుకుంట మొదలైన బిట్‌నెట్ ఇంకోటి. యూయూసీపీల అడ్రస్ రాయాలంటే దారి మొత్తం మనమే రాయాలె, ఈ మిషిన్ నుంచి ఆ మిషిన్, ఆడికెల్లి ఇంకో మిషిన్, నడుమ నడుమ ఆశ్చర్యార్థకం గుర్తు పెట్టుకుంట పోవుడే. బిట్‌నెట్ల ఐబీఎం మిషిన్లకు అక్షరాల కోడే వేరే, ఎబ్సిడిక్ అంటరు, మిగిలినోళ్లది ఆస్కీ. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు పోయేటప్పుడు నడుమ గేట్‌వే మిషిన్ల కొన్ని గుర్తులు వేరే గుర్తులుగ మారిపోయేటివి.

1982 ఆగస్టుల డేవిడ్ క్రాకర్ రాసిన ఆర్ఎఫ్‌సీ 822 అనే కాగితం వచ్చింది, ఆర్ఎఫ్‌సీలు అంటే నెట్‌వర్క్ పద్ధతులు రాసి నెంబర్ వేసి పెట్టే కాగితాలు. అంతకుముందు 1977ల 733 అని ఒకటి ఉండె, దాన్ని సరిజేసి ఇది రాసిండ్రు. దాంట్ల ఏముందంటే మెయిల్ ఎట్లుండాలె అని, పైన ఎవరి నుంచి, ఎవరికి, ఏ తేదీ, ఏ విషయం, ఒక్కో లైన్ల పేరు పెట్టి కోలన్ పెట్టి రాయాలె, తర్వాత ఒక ఖాళీ లైన్, తర్వాత అసలు మ్యాటర్, మనం ఉత్తరం రాసేటప్పుడు పైన వివరాలు రాసి జాగ విడిచి కింద సంగతి రాసినట్టే. తీగ ఏదైనా, మిషిన్ ఏదైనా గానీ లోపల ఉత్తరం ఒక్క తీరుగ ఉండాలె, ఇంతే. ఇది ఆర్పానెట్ కోసం రాసిందే, కానీ 1986ల మార్క్ హార్టన్ ఆర్ఎఫ్‌సీ 976 రాసి యూయూసీపీ దిక్కు మెయిల్‌కు గూడ ఇదే రూపం పెట్టిండు. ఒక నెట్‌వర్క్‌ను పీకేసి ఇంకోటి పెట్టలే, ఎవరి తీగలు వాళ్లవే ఉన్నయ్, ఉత్తరం రూపం మీద ఒప్పందం చేసుకున్నరు. నాకు ఈ సంగతి మస్తు ఇష్టం, ఎందుకంటే ఎవ్వరూ ఎవ్వరి కిందికి పోకుండ పని జరిగింది. 2001ల 2822 అని, 2008ల 5322 అని నెంబర్ మారింది గానీ మీరు ఇయ్యాల పంపే మెయిల్ లోపల ఉండేది ఆ రూపమే. మన దేశంల మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, అప్పటి ప్రభుత్వ కంపెనీ వీఎస్ఎన్ఎల్ ఇచ్చింది, అప్పటికే ఈ ఒప్పందం ఉండె గనకనే మనకు మొదటి రోజు నుంచి ఎక్కడికి పంపినా చేరింది.

మరి ఇంత ఒప్పందం ఉంటే మన బ్యాకప్‌ల తిప్పలెందుకు అంటే, ఆ ఒప్పందం మెయిల్ దారిల పోయేటప్పటి రూపం గురించి. చేరినంక దాన్ని కంప్యూటర్ల ఎట్ల దాచిపెట్టాలె అన్నదానికి అట్ల అందరూ ఒప్పుకున్నది లేదు, ఎవరి ప్రోగ్రాం వాళ్ల అల్మారీల వాళ్ల పద్ధతిల సదురుకున్నది. ఔట్‌లుక్‌ది పీఎస్టీ (.pst) అనే ఫైల్, దాని లోపలి నిర్మాణం మైక్రోసాఫ్ట్ 2010ల అందరికీ చెప్పింది, అది మంచి పనే, అయినా మెయిళ్లన్నీ ఒక్క ఫైల్ల ఉంటయ్, తెరవాలంటే దాన్ని అర్థం చేసుకునే ప్రోగ్రాం ఉండాలె. .ఈఎంఎల్ అంటే వేరే ఫార్మాట్ ఏం కాదు, దారిల వచ్చిన మెయిల్ ఎట్లుందో అట్లనే ఒక ఫైల్ చేసి పెట్టుడు. నోట్‌ప్యాడ్‌ల తెరిచినా ఎవరు పంపిండ్రు, ఎప్పుడు పంపిండ్రు కనవడ్తది. "రిసీవ్డ్" అని మొదలయ్యే లైన్లు పైన ఉంటయ్, అవి కింది నుంచి మీదికి చదువుకోవాలె, మెయిల్ ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కు ఎన్ని గంటలకు పోయిందో వరుసగ ఉంటది. దొంగ మెయిల్ పట్టుకునేటందుకు గూడ ఆ లైన్లే పనికొస్తయ్. మామూలుగ ఫార్వర్డ్ చేస్తే ఇవన్నీ పోతయ్, స్క్రీన్‌షాట్‌ల అయితే అసలే ఉండయ్.

ఒక మాట ముందే చెప్తున్న, నోట్‌ప్యాడ్‌ల తెరిస్తే తెలుగు మ్యాటర్, పీడీఎఫ్‌లు ఏదో కలగాపులగం ఇంగ్లీష్ అక్షరాల లెక్క కనవడ్తయ్, ఖరాబైందని భయపడకండి. మొదట మెయిల్ అంటే ఒట్టి ఇంగ్లీష్ అక్షరాలే పోయేటివి, 1992ల బోరెన్‌స్టైన్, ఫ్రీడ్ అని ఇద్దరు మైమ్ అనే పద్ధతి తెచ్చిండ్రు, ఫొటోలు, వేరే భాషలు, అటాచ్‌మెంట్లు అన్నీ దాంతోనే వచ్చినయ్. అందుల బేస్64 అని ఒకటుంటది, ఏ ఫైల్‌నైనా మూడు బైట్లు తీసుకొని నాలుగు మామూలు అక్షరాలుగ రాస్తది. ఆ అక్షరాలు గూడ ఆస్కీల, ఎబ్సిడిక్‌ల రెండిట్ల ఉన్నయే ఏరుకున్నరు, గేట్‌వేల కాడ మారిపోవద్దని. అందుకే అటాచ్‌మెంట్ ఉన్న మెయిల్ అసలు ఫైల్ కంటే మూడో వంతు బరువు ఎక్కువ, 15 ఎంబీ డ్రాయింగ్ 20 ఎంబీ అయితది. బ్యాకప్ సైజు పెరిగిందేంది అని అడిగేటోళ్లకు ఇదే జవాబు. డబుల్ క్లిక్ చేసి మెయిల్ ప్రోగ్రాంల తెరిస్తే తెలుగు తెలుగు లెక్కనే వస్తది.

కొందరు ఎంబాక్స్ ఇయ్యొచ్చు గదా అన్నరు, జీమెయిల్ మొత్తం దింపుకునేటందుకు గూగుల్ పెట్టిన టేకౌట్ ఇచ్చేది అదే, థండర్‌బర్డ్ వాడేది గూడ అదే. కావాలంటే ఇస్తం, వేరే ప్రోగ్రాంలకు ఎక్కించుకునేటందుకు మంచిగుంటది. కానీ దాచుకునేటందుకు నాకు నమ్మకం తక్కువ. ఎంబాక్స్‌ల వేల మెయిళ్లు ఒక్క ఫైల్ల ఒకదాని కింద ఒకటి ఉంటయ్, "ఫ్రం" అనే మాట, దాని ఎన్క ఖాళీ జాగ, దాంతోని మొదలైన లైన్ వస్తే కొత్త మెయిల్ అని లెక్క. మరి మ్యాటర్ల నిజంగనే ఒక లైన్ అట్ల మొదలైతే? దాని ముంగట బాణం గుర్తు పెడ్తరు, ఒక్కో ప్రోగ్రాం ఒక్కో తీరుగ పెడ్తది, అంటే మెయిల్ల మనం రాయని గుర్తు చేరుతది. 2005ల ఆర్ఎఫ్‌సీ 4155 వచ్చి దీని గురించి రాసింది, అయినా రకాలు రకాలుగనే ఉండిపోయింది. ఇంకో పద్ధతి మెయిల్‌డిర్, ఒక్కో మెయిల్‌కు ఒక్కో ఫైల్, సర్వర్లల్ల బాగుంటది, కానీ దాని ఫైల్ పేర్లల్ల కోలన్ వస్తది, విండోస్ కోలన్ ఉన్న పేరు ఒప్పుకోదు, మన దగ్గర అందరివి విండోస్ మిషిన్లే. అందుకే తేదీ, టైం, వరుస నెంబర్ పేరుగ పెట్టి .ఈఎంఎల్ చేస్తున్నం. సబ్జెక్ట్‌ను ఫైల్ పేరుల పెట్టం, పేరు పొడుగైతే కాపీ చేసేటప్పుడు విండోస్ ఆగిపోతది. సబ్జెక్ట్‌లు, పంపినోళ్ల పేర్లు అన్నీ ఒక ఎక్సెల్ షీట్ల ఎక్కించి ఇస్తం, దాంట్ల వెతుక్కోండి.

ఇగ రానివి గూడ చెప్పాలె. మెయిల్ ప్రోగ్రాంల మీరు రాసుకున్న క్యాలెండర్, ఫోన్ నెంబర్ల లిస్టు .ఈఎంఎల్‌ల రావు, అవి వేరేగ .ఐసీఎస్, .వీసీఎఫ్ ఫైళ్లుగ తీస్తం, వాటికి గూడ అందరూ ఒప్పుకున్న రూపం ఉంది. రంగురంగుల ఫ్లాగులు కొన్ని పోతయ్. కొన్ని మెయిళ్లల్ల విన్‌మెయిల్.డాట్ (winmail.dat) అని ఒక ఫైల్ వచ్చి అసలు అటాచ్‌మెంట్ దాంట్ల ఇరుక్కొని ఉంటది, అసలు మెయిల్ ముట్టుకోకుండ లోపలి ఫైల్ పక్కకు తీసి పెడ్తం. అను ఫాంట్లల్ల టైప్ చేసిన పాత లెటర్లు, పెళ్లిపత్రికల ఫైళ్లు, పేజ్‌మేకర్ ఫైళ్లు ఉన్నయ్ చూడండి, ప్రింటింగ్ ప్రెస్ అన్నలకు మస్తు ఉంటయ్, అవి మెయిల్ల ఎట్ల వచ్చినయో అట్లనే ఉంటయ్, యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేకుంటే చదవరావు. వాటిని మార్చుడు వేరే పని, వేరే రేటు, ఒక్కో పేజీ మనిషి కూసొని సరిచూడాలె, ఈ బ్యాకప్‌ల అది రాదు.

జీఎస్టీ లెక్కల కాగితాలు యాన్యువల్ రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలె అని చట్టంల ఉంది, అంటే ఆరేండ్లు. మీ బిల్లులు ఎక్కువ మెయిల్లనే వస్తున్నయ్ గాబట్టి పాత మెయిళ్లు డిలీట్ కొట్టకండి. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త సాక్ష్యాల చట్టంల కంప్యూటర్ సాక్ష్యం పెట్టేటప్పుడు ఇచ్చే సర్టిఫికెట్‌ల ఫైల్ హ్యాష్ రాయాల్సి ఉంటది, హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లెక్క, ఫైల్ల ఒక్క అక్షరం మారినా అది మారిపోతది, అందుకని ప్రతి ఫైల్‌కు షా256 హ్యాష్ లిస్టు గూడ ఆ డిస్క్‌లనే వేస్తం. కోర్టు సంగతి మీ వకీలు సార్‌నే అడగండి, నేను ఫైల్ మారలేదని చూపించే వరకే.

ఎవరైనా తెరవొచ్చు అన్నమంటే దొంగ గూడ తెరవొచ్చు. అందుకే డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పాస్‌వర్డ్ లేకుంటే చదవరాకుండ చేసి ఇస్తం, పాస్‌వర్డ్ మీరే పెట్టుకోవాలె, మా దగ్గర ఉంచుకోం. అది మర్చిపోతే మేము గూడ తియ్యలేం, ఇది గట్టిగ చెప్తున్న. కాగితం మీద రాసి ఇంట్ల ఇంకో మనిషికి చెప్పిపెట్టండి, బ్యాంక్ లాకర్ ఉంటే ఇంకా మంచిది.

ఏడాది కాంట్రాక్ట్ ఉన్నోళ్లకు పైస ఎక్కువ లేదు. లేనోళ్లకు ఒక మెయిల్ బాక్స్‌కు 600 రూపాయలు, 10 జీబీ దాటితే 1,000, డిస్క్ మీరే తెచ్చుకోవాలె. ఇంతకుముందు గంటల అయ్యే పని ఇప్పుడు ఒక రోజు పడ్తది, పెద్ద బాక్సులైతే రెండు మూడు రోజులు, అర్జెంట్ అన్నా తొందర చెయ్యం, ఎందుకంటే సర్వర్ల ఎన్ని మెయిళ్లున్నయ్ మేము తీసినయి ఎన్ని అని లెక్క కలిసినంకనే డిస్క్ ఇస్తం. సద్దుల బతుకమ్మ రోజు, దసరా రోజు షాపు బంద్. తర్వాత కాంట్రాక్ట్ వాళ్లకు మేమే ఫోన్ చేస్తం, మిర్చి సీజన్ మొదలైతే మార్కెట్ అన్నలకు టైం దొరకదు గాబట్టి వాళ్లయి ముందు పెట్టుకున్నం. వచ్చేటప్పుడు ఆఫీసుల ఎన్ని కంప్యూటర్లల్ల మెయిల్ ఉంది, మానేసి పోయిన అకౌంటెంట్ ఐడీ పాస్‌వర్డ్ ఏంది, ఇవి రాసుకొని రండి, పాత ఐడీలు బంద్ కాకముందే తియ్యాలె.