టైలర్ షాపులో కలిసిన అక్కకు

సంక్రాంతి ముందు విజయవాడ వన్‌టౌన్‌లో, టైలర్‌ని గ్రీటింగ్ కార్డులు చేయడానికి గుడ్డముక్కలు అడుగుతున్న నా పక్కన నిలబడ్డ అక్కా, మీ పేరైనా అడగలేదు. నా చేతిలోని మంగళగిరి జరీ అంచు ముక్క తీసుకుని, గంజి పెట్టి ఇస్త్రీ చేశాక కత్తిరిస్తే పోగులు లేవవన్నారు. పాత శుభలేఖ అట్టను మడిచే ముందు రీఫిల్ అయిపోయిన పెన్నుతో స్కేలు పెట్టి గీత లాగాలని, మైదా జిగురు పల్చగా రాసి రాత్రంతా బరువు కింద ఉంచాలని కూడా చెప్పారు. బయట ఆటో ఆగి ఉన్నా తొందరపడలేదు. అంత ఓపిక ఎవరికుంటుంది!

ఉగాదికి 12 కార్డులు చేశాను. ఒక్కటీ వంకర పోలేదు. మిగిలిన ముక్కలకు అమ్మమ్మ నేత చీర కలిపి పాపకు బొంత కుడుతున్నాను, మీరు చెప్పినట్టే కుట్టుకు పావు అంగుళం వదిలి. చాలా చాలా థాంక్స్ అక్కా.