కాళ్లు చాచిన కుక్కపిల్లను పారేయకండి

సంపాదకులకు,

మూడు వారాలు నిండినా లేచి నిలబడలేక, కాళ్లు పక్కలకు చాచి, రొమ్ము నేలకు ఆనించి ఈదుతున్నట్టు పాకే కుక్కపిల్లలను ‘ఇక అవిటిదే’ అని సంచిలో వేసి ఊరిబయట వదిలేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఎముకలు మెత్తగా ఉన్న ఆ వయసులోనే చూసుకుంటే వీటిలో చాలావరకు నడుస్తాయి.

మన కడప, కర్నూలు ఇళ్లలో నేలంతా నున్నటి నాపబండలే. వాటి మీద కాలు ఆనితే జారడమే. ముందు పడక మార్చాలి. గోనెపట్టా పరిచి, ముడత పడకుండా అంచుల మీద ఇటుకలు పెడితే చాలు.

తర్వాత బందం. పాలు పితికేటప్పుడు ఆవుకు వేసే బందం లాంటిదే, కాకపోతే తాడు బదులు అంగుళం వెడల్పు మెడికల్ టేపు. వెనక కాళ్లకు మడమ కాస్త పైన పలచగా దూది చుట్టి, దానిపై ఎనిమిది అంకెలా టేపు వేయాలి. కాళ్ల మధ్య ఎడం తుంటి వెడల్పంత ఉండాలి. మరీ దగ్గరైతే పిల్ల బోర్లా పడుతుంది, ఎడమైతే మళ్లీ చాచేస్తుంది. చాలామంది పొరపాటు చేసేది ఆ తర్వాతే. కట్టేసి వారం దాకా చూడరు. పిల్ల రోజురోజుకూ పెరుగుతుంది, కట్టు పెరగదు. పూటకోసారి వేళ్లు తడిమి చూడండి. ఉబ్బినా, చల్లబడినా వెంటనే విప్పాలి. రెండు రోజులకోసారి కొత్త కట్టు వేయాలి.

రోజుకు నాలుగైదు సార్లు, పది నిమిషాల చొప్పున తుంటి, మోకాలు మెల్లగా మడిచి చాపాలి. పొట్ట కింద చేయి ఆనించి నిలబెట్టాలి, నిద్రలో పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. రొమ్ము చప్పిడిగా ఉన్న పిల్లకు పాలు పొరపోతాయి కాబట్టి తాగాక కాసేపు తల ఎత్తి పట్టుకోండి. ఉచ్చలో నానిన పొట్టను గోరువెచ్చని నీళ్లతో తుడిచి ఆరబెట్టకపోతే పుండ్లు పడతాయి.

కాల్షియం సిరప్ సొంతంగా పోయకండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్దజాతి పిల్లల ఒళ్లు ఎక్కువైన కాల్షియాన్ని వద్దనుకోలేదు, ఎముకల పెరుగుదలే గాడి తప్పుతుంది. మనుషుల నొప్పి మాత్రలు అసలే వద్దు. ఐబూప్రొఫెన్ కుక్కల కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది.

రెండు వారాల్లో మార్పు లేకున్నా, మోకాలు మడవకుండా కర్రలా బిగుసుకున్నా కట్టుతో కాలం గడపకుండా పశువైద్యుడికి చూపించి ఎక్స్‌రే తీయించండి. ఈ జిల్లా వాళ్లకు ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది.

— ఒక పశువైద్యుడు, కడప