ఉద్దానం పరామర్శ పరిచర్య: ఈ ఆదివారం సమావేశం

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామమున వందనములు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి, సోంపేట మండలాల్లో మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్న కుటుంబాలను, వారు ఏ మతస్థులైనా సరే, దర్శించే పనిని పంచుకునేందుకు ఈ ఆదివారం ఆరాధన ముగిశాక 11:30 గంటలకు చర్చి ఆవరణలో కలుద్దాము.

వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు 4 గంటలు డయాలసిస్ మీద ఉండే మనిషికి ప్రార్థన ఎంత అవసరమో, పలాస ఆసుపత్రికి తోడు వచ్చే మనిషి, ఆ రోజు కూలి పోయిన ఇంటికి బియ్యం అందించే చేయి కూడా అంతే అవసరం. కాపరి పరిచర్యలో ఈ రెంటినీ విడదీయలేమని నా గట్టి నమ్మకం.

బైకు, ఆటో ఉన్నవారు తమకు వీలైన రోజును శనివారం సాయంత్రంలోగా ఇక్కడే తెలియజేయండి.

మరవకండి: ప్రేమతోనైనా కొబ్బరిబొండాలు, అరటిపండ్లు తీసుకువెళ్లవద్దు. వాటిలోని పొటాషియం ఈ రోగులకు ప్రమాదకరం.